కాళ్ళు చూసి వేసిన అంచనా

మే 6, మంగళవారం

ఐదు పాఠాలు. నాలుగోది నోలీన్‌ది, ఆవిడకి తొమ్మిదో క్లాసు. అరవై ఒక్కేళ్ళకి మొదటిసారి స్టీరింగు పట్టుకుంది. మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆయనే నడిపాడు. గేరు మార్చేటప్పుడు నాలుక బయటపెడుతుంది. మిగతాదంతా బాగానే వస్తోంది.

మూడూ ఇరవైకి బేకరీ సందు మలుపు దగ్గర ప్రమాదం జరిగింది. మా వైపు బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి, మేమూ ఆగి ఉన్నాం. ఎదుటి నుంచి వచ్చిన ఎర్ర కారు మా ముందున్న ఖాళీలోంచి సందులోకి తిరిగింది. మా ఎడమ పక్క సైకిళ్ళ దారిలో వస్తున్న ఎలక్ట్రిక్ సైకిల్ వచ్చి దాని తలుపుకి కొట్టుకుంది. సైకిలు మీద ఒక ఆడమనిషి. అంబులెన్సు పదకొండు నిమిషాల్లో వచ్చింది. మిగతా దారి నేనే నడిపాను.

మా కారుకి గీత కూడా పడలేదు. పోలీసులు మా వైపు రాలేదు. నేనేమీ చూడలేదు.

ఐదో పాఠం రద్దు చేయలేదు. చేయాల్సిన అవసరం కనబడలేదు.

మే 7, బుధవారం

రేడియోలో చెప్పారు. సైకిలు మనిషికి యాభై ఏళ్ళు, భుజం ఎముక, కుడి మణికట్టు విరిగాయి. కారు నడిపినావిడకి డెబ్బై ఐదు. ఆ వయసు వినగానే ఊరంతా తీర్పు చెప్పేసి ఉంటుంది.

మే 8, గురువారం

నోలీన్ పాఠం. కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"ఆవిడ పేరు రోవీనా అంట. పియానోలు శ్రుతి చేస్తుంది. మా చర్చిలో పియానో కూడా ఆవిడే చూస్తుంది."

"పాపం."

"నువ్వు చెయ్యి ఊపావు వెండీ."

"అద్దాలు చూసుకో. ముందు లోపలిది."

"చూసుకున్నా. నువ్వు చెయ్యి ఊపావు అంటున్నా."

"ఈ ఊళ్ళో అందరూ ఊపుతారు. అది మర్యాద."

"ఎవర్నీ చెయ్యూపి పిలవొద్దని మొదటి రోజే చెప్పావు నాకు. రాసుకెళ్ళి ఫ్రిజ్ మీద అంటించుకున్నా. పొద్దున్నే పాలు తీస్తుంటే కనబడుతుంది నీ మాట."

"ఎడమ ఇండికేటర్."

"వేశా. చచ్చినట్టు వేశా. మనం వెళ్ళి పోలీసులకి చెప్పొద్దా?"

"ఏం చెప్తాం? ఏం చూశావు నువ్వు?"

"నువ్వు చూసిందే చూశాను," అంది.

ఆ తర్వాత రెండు కార్ల మధ్య బండి పెట్టమంటే మొదటిసారే సరిగ్గా పెట్టేసింది. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా.

మే 9, శుక్రవారం

రూల్సు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. చెయ్యి ఊపినవాళ్ళది తప్పని ఎక్కడా లేదు. తిరిగేవాళ్ళే చూసుకుని తిరగాలి. చాలా స్పష్టంగా ఉంది.

మే 12, సోమవారం

కొత్త శిష్యుడు, హోటల్లో వంటవాడు. మొదటి పాఠంలో ఎప్పుడూ చెప్పేవన్నీ చెప్పాను, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంతం. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను. సైకిలు ఎంత జోరుగా వస్తోందో చక్రాన్ని చూస్తే తెలియదు, మనిషి కాళ్ళు చూడాలి. కాళ్ళు గబగబా తిరుగుతుంటే ఆగు. తీరిగ్గా తిరుగుతుంటే నీకు టైముంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు తమ పిల్లలకి కూడా ఇదే చెప్పుకున్నారు. పక్క ఊరి డ్రైవింగు బడి వాళ్ళు ఎత్తుకుపోయి తమదని చెప్పుకుంటే నాకు ఒళ్ళు మండింది కూడా.

ఇవాళ చెప్పడానికి టైము చాలలేదు. పాఠం ఎనిమిది నిమిషాలు ముందే అయిపోయింది.

మే 15, గురువారం

ఫోను మోగింది. ముసలి గొంతు, మాట కటువుగా ఉంది. రవాణా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందట, మళ్ళీ డ్రైవింగు పరీక్షకి రమ్మని. తప్పితే లైసెన్సు పోతుంది. నాలుగు పాఠాలు కావాలట.

"ఎందుకు మళ్ళీ పరీక్ష?" అన్నాను.

"ఒక పిల్లని గుద్దాను. బేకరీ సందు దగ్గర."

పిల్ల అంటే రోవీనా. యాభై ఏళ్ళ పిల్ల.

ఖాళీ లేదని చెప్పడానికి నోరు తెరిచాను. మంగళవారం పదకొండుకి ఇంటికి వస్తానన్నాను.

మే 20, మంగళవారం

ఆవిడ పేరు టీనెకె. తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో హాలండ్ నుంచి ఓడలో వచ్చింది. మా కింగ్‌స్టన్‌లో అలా వచ్చి స్థిరపడ్డ డచ్చి కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆవిడ గేటు ముందు తెల్ల చెక్క బూట్లలో పూల మొక్కలు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. మొగుడు విమ్ కిటికీలోంచి మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి మూత్రపిండాలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు పక్క నగరం హోబార్ట్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం కడిగించాలి. ఊరి బస్సులో ఆయన కూర్చోలేడు, రోగుల్ని ఇంటి నుంచి తీసుకెళ్ళే ఆసుపత్రి బండి కావాలంటే నాలుగు నెలలు ఆగాలి. ఆ లైసెన్సు పోతే ఆయన పని అంతే. ఆవిడ ఇదంతా సీటు ముందుకు జరుపుకుంటూ, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది.

నా కారు, పైన డ్రైవింగు బడి బోర్డు చూసి ఏమీ అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఎండ ఆవిడకి ఎదురుగా ఉంది. ఇక్కడ చలికాలం మొదలయ్యే మే నెలలో ఎండ వాలుగా పడుతుంది, మూడు దాటితే ఆ రోడ్డు మీద అద్దాలన్నీ తెల్లగా మెరుస్తాయి.

బాగా నడుపుతుంది. తిరిగే ముందు భుజం మీదుగా మెడ తిప్పి మరీ చూస్తుంది. ఈ దేశంలో అలా చూసేవాళ్ళు వందకి పదిమంది ఉండరు.

"నడవడం వచ్చిన మర్నాటి నుంచే సైకిల్ తొక్కానమ్మాయ్," అంది. "మా ఊళ్ళో కారుకన్నా ముందు సైకిలు కళ్ళబడాలి. మా నాన్న చెవి మెలిపెట్టి నేర్పాడు. అలాంటిదాన్ని నేను సైకిల్ని చూడలేకపోయాను."

"ఎండ ఎదురుగా ఉందేమో."

"ఎండకి నేను కొత్తా? ఒక చెయ్యి ఊపారు. అద్దం తెలతెల్లగా ఉంది, మొహం కనబడలేదు, చెయ్యి మాత్రం కనబడింది. రా రా అన్నట్టు. పోలీసు పిల్లకి చెప్పాను. చెయ్యి ఊపితే మాత్రం మీరు చూసుకోవద్దా అంది. నిజమే కదా. మా దేశంలో ఎవరు ఊపినా కదలం. ఇక్కడికొచ్చి ఇక్కడి మర్యాదలు ఒంటబట్టాయి, అదీ నా ఖర్మ."

"ఆ చెయ్యి ఊపినవాళ్ళు ముందుకు రాలేదా?"

ఇది నేనే అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"ఎందుకొస్తారు? వాళ్ళకేం నష్టం?" అంది. తర్వాత కూడలి రౌండ్ చుట్టూ తిప్పి బండి తెచ్చి తన గేటు ముందు ఆపింది. రెండు మార్కులు తగ్గించాల్సిన తప్పు ఒక్కటి కూడా లేదు.

మే 21, బుధవారం

ఏం నష్టమో రాసి పెట్టుకుంటే మంచిది. పాఠాలు చెప్పే మనిషి పాఠం నడుస్తుండగా రోడ్డు మీదివాళ్ళకి సైగలు చేయకూడదు. అది మాకు వేరే నిబంధన. బోర్డు మీద పేరు నాది. ఆ పేరు ఆ ఫైల్లోకి ఎక్కితే నేర్పే అనుమతి లాగేస్తారు. యాభై ఏడేళ్ళు నాకు. ఇంకో పని రాదు.

మే 23, శుక్రవారం

టీనెకె రెండో పాఠం. విమ్‌ని ఆసుపత్రిలో దింపి, అక్కడి నుంచే మొదలుపెట్టాం.

నేరుగా బాగానే పోతుంది. ఎడమకి తిరగడం బాగానే ఉంది. కుడికి తిరగాల్సి వచ్చేసరికి బిగుసుకుపోయింది. ఎదురుగా రోడ్డు ఖాళీ, కనుచూపు మేర ఏమీ లేదు. అయినా కదల్లేదు. వెనక ట్రక్కువాడు హారను నొక్కాడు, తల బయటపెట్టి "ఏం పెద్దమ్మా, పండక్కి వెళ్తావా ఇప్పుడే వెళ్తావా?" అని అరిచాడు.

"వెళ్ళండి, ఖాళీగానే ఉంది," అన్నాను.

"అలాగని నువ్వంటున్నావు," అంది ఆవిడ.

నాలుగు నిమిషాలు ఆగాం. చివరికి ఎడమకి తిప్పించి ఊరంతా చుట్టించి ఇంటికి తెచ్చాను. పరీక్షలో ఇలా చేస్తే తప్పుతుంది. నడపడం రాక కాదు.

దిగేటప్పుడు ఆవిడకి ఒక మాట ఇచ్చాను. నా శుక్రవారం ఉదయాలు ఖాళీ, కావాలంటే విమ్‌ని నేను తీసుకెళ్తానని. మంచిదానివి తల్లీ అని నా చెంప తట్టింది.

మే 26, సోమవారం

నేను మంచిదాన్నే. ఎవరినైనా అడగండి.

మే 27, మంగళవారం

మూడో పాఠం లేదు. విమ్‌కి నలతగా ఉందని ఫోను చేసింది. దొరికిన గంటన్నరలో ఇది రాస్తున్నాను.

ఆ రోజు మేము ఆగి ఉన్నాం. నా సీటు ఎడమ పక్క. నేర్పేవాళ్ళకని నా పక్కన ఇంకో చిన్న అద్దం ఉంటుంది, నోలీన్‌కి కనబడనిది నాకు కనబడుతుంది. ఎర్ర కారు మా ఎదురుగా చాలాసేపటి నుంచి ఇండికేటర్ వేసుకుని నిలబడి ఉంది. దాని వెనక ఏడెనిమిది బళ్ళు ఇరుక్కుపోయాయి. ఒకడు హారను కొట్టాడు. నడిపేది పెద్దావిడ అని జుట్టుని బట్టి తెలిసింది. నాకు జాలేసింది. జాలి వేసింది నిజం, అది మాత్రం తీసేయను.

నోలీన్‌కి బండి కాస్త వెనక్కి ఉంచమని చెప్పాను. మా ముందు ఖాళీ ఉంది.

అద్దంలో చూశాను.

సైకిల్ వస్తోంది. ఆవిడ నిటారుగా కూర్చుని ఉంది, వెనక పెట్టె కట్టుకుంది, ఆకుపచ్చ కోటు. కాళ్ళు చూశాను. ఇరవై ఆరేళ్ళ అలవాటు. కాళ్ళు ఎంత నిదానంగా తిరుగుతున్నాయంటే, గంజి కలుపుతున్నట్టు. ఆ కాళ్ళకి ఆ దూరం దాటడానికి పది సెకన్లయినా పడుతుంది. అంతలో ఎర్ర కారు వెళ్ళిపోతుంది.

నోలీన్ కూడా తల తిప్పి చూసింది. "సైకిలేదో వస్తోంది," అంది.

"కాళ్ళు చూడు. బోలెడు టైముంది," అన్నాను. అది కూడా పాఠమే అనుకుని చెప్పాను. చెప్పి చెయ్యి ఊపాను.

నాలుగు సెకన్లు పట్టింది. ఎలక్ట్రిక్ సైకిల్లో పని మోటారు చేస్తుంది, కాళ్ళు ఊరికే తిరుగుతాయి. ఇది నాకు తెలియదా? తెలుసు. ఈ ఊళ్ళో రెండేళ్ళుగా అవే కనబడుతున్నాయి. తెలిసి కూడా కాళ్ళే చూశాను, ఎందుకంటే అది నా పాఠం.

తెలియనివాళ్ళెవరైనా ఆ కాళ్ళ సంగతి పట్టించుకునేవాళ్ళు కాదు. సైకిలు కనబడింది కాబట్టి ఆగి ఉండేవాళ్ళు.

మే 29, గురువారం

నోలీన్ పరీక్ష పాసయింది. బయటికి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని ఊపేసింది, ఆ తర్వాత బేకరీకి లాక్కెళ్ళి స్కాలప్ పై, అదే సముద్రపు చిప్పల మాంసం కూరి కాల్చేది, తినిపించింది. ఆ బేకరీకే. కిటికీలోంచి మలుపు కనబడుతుంది.

"మొగుడు ఉంటే నమ్మేవాడు కాదు," అంది. "నువ్వా, కారా, ముందు కుక్కర్ నడుపు చూద్దాం అనేవాడు."

"బాగా నడిపావు."

"నేర్పింది ఎవరని అందరూ అడుగుతారు వెండీ. నీ పేరు గొప్పగా చెప్పుకోవాలని ఉంది నాకు." పై ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ జరిపింది. "చెప్పుకోనివ్వు."

"ఏమంటున్నావు?"

"ఏమంటున్నానో నీకు తెలుసు. నేను వెళ్ళి చెప్పను. నువ్వు నాకు నేర్పినదానివి, వెన్నుపోటు పొడవలేను. కానీ ఆ ముసలావిడ నీ కారులో తిరుగుతోందని మా చర్చిలో చెప్పారు. చూడు, ఈ పై కూడా తినలేకపోతున్నా. నాకెంత ఇష్టమో నీకు తెలుసు కదా."

నిజమే, సగం వదిలేసింది.

జూన్ 2, సోమవారం

పోలీసు స్టేషన్‌కి వెళ్ళాను. కానిస్టేబుల్ చిన్నపిల్ల, జుట్టు బిగించి కట్టుకుంది. చెయ్యి ఊపింది నేనేనని చెప్పాను. రాసుకుంది. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడిగింది. భయం అన్నాను.

"సైకిలు మీకు కనబడలేదన్నమాట?"

"లేదు," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. నేను ఆలోచించనే లేదు.

"మీరు వచ్చి చెప్పడం మంచి పని మేడమ్. ఎవరూ రారు ఇలాగ," అంది ఆ పిల్ల. టీనెకె మీద కేసు దీనివల్ల తేలికవుతుందట. పరీక్షకి మాత్రం వెళ్ళాల్సిందే. నా అనుమతి సంగతి రవాణా ఆఫీసు చూస్తుందట, కనబడక ఊపారు కాబట్టి హెచ్చరికతో వదిలేయవచ్చట. టీ ఇచ్చింది. తాగాను.

జూన్ 4, బుధవారం

టీనెకెకి నేనే చెప్పాలనుకున్నాను. పోలీసులు ముందే ఫోను చేసి చెప్పేశారు. నేను వెళ్ళేసరికి బల్ల మీద రెండు కప్పులు పెట్టి కూర్చుని ఉంది. విమ్ ఆసుపత్రి నుంచి వచ్చి పక్క గదిలో నిద్రపోతున్నాడు.

"ఆ చెయ్యి నీదా," అంది.

"నాదే."

"మొదటి రోజే చెప్పాల్సింది."

"అవును."

"నా చేత ఊరంతా తిప్పించావు. కారులో నా మాటలన్నీ విన్నావు. చెంప తట్టాను నిన్ను." కాఫీ పోసింది. చెయ్యి నిదానంగానే ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. "సరే. చెప్పావు కదా చివరికి. కొందరు అసలు చెప్పరు."



"నువ్వూ చూడలేదు కదా ఆ పిల్లని," అంది. "నీకు అద్దం ఉంది, నీకు పాతికేళ్ళ అనుభవం. నీకే కనబడలేదు."

ఇక్కడ చెప్పొచ్చు. చెప్పడానికి చోటు ఉంది, ఆవిడ ఆగింది కూడా.

"కనబడలేదు," అన్నాను.

ఆవిడ తల ఊపింది, ఏదో తేల్చుకున్నట్టు. "అయితే మనిద్దరం ఒకటే. ఇద్దరికీ కళ్ళు పోయాయి. నువ్వు చిన్నదానివి, కళ్ళద్దాలు పెట్టించుకో. నాకు మార్చేదేమీ లేదు. అంత పొడుగు మనిషి, ఆకుపచ్చ కోటు, పట్టపగలు. సైకిలు మీద పెరిగినదాన్ని, నాకు కనబడలేదంటే ఇక నేను రోడ్డు మీద ఉండకూడదు. పరీక్ష వద్దని ఉత్తరం రాసి పెట్టాను. వచ్చే బుధవారం విమ్‌ని దింపి, అటు నుంచే వెళ్ళి లైసెన్సు ఇచ్చేస్తాను."

"మరి ఆయన?"

"నువ్వు శుక్రవారాలు తీసుకెళ్తానన్నావు. మిగతా రెండు రోజులకి ఎవరో ఒకరు దొరుకుతారు. దొరక్కపోతే దొరకరు." పక్క గది వైపు చూసింది. "ఆయనకి ఇంకా చెప్పలేదు."

మిగతా పాఠాలు అవసరం లేదంది. కాఫీ చల్లారిపోయింది.

జూన్ 5, గురువారం

ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి. కారు ముందద్దం పక్కనుండే కమ్మీలు, ఆగిన బళ్ళు అడ్డం ఉన్న ఆ చోట ఆవిడ సీటులోంచి ఎవరికీ ఏమీ కనబడదు. అక్కడి నుంచి కనబడదు కాబట్టే నా చెయ్యి నమ్మింది.

జూన్ 7, శనివారం

ఫుట్‌బాల్. మా జట్టు ఓడిపోయింది. కొండ మీద మంచు పడింది.

ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి.

జూన్ 10, మంగళవారం

రోవీనా ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆవిడ క్షమిస్తే టీనెకె దగ్గరికి వెళ్ళనవసరం లేదని అనుకున్నానేమో. అలాగే అనుకుని ఉంటాను.

చిన్న ఇల్లు, గదినిండా పియానో. కుడి చెయ్యి పట్టీలో ఉంది, వేళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. పియానో మూత తెరిచి ఎడమ చేత్తో తీగలు బిగించే పనిముట్టు పట్టుకుని ఉంది.

"ఎడమ చేత్తో నేర్చుకుంటున్నాను," అంది. "తీగ ఎంత బిగిసిందో కుడి చేతికి తెలుస్తుంది. దీనికి తెలియదు. ఇది మూర్ఖపు చెయ్యి. కూర్చోండి, పిల్లి బొచ్చు అంటుకుంటుంది, ఏమనుకోకండి."

నా పేరు చెప్పాను. చెయ్యి ఊపింది నేనేనని చెప్పాను.

"తెలుసండీ. పైన బోర్డు ఉంది కదా మీ కారుకి."

"మీకు ముందే తెలుసా?"

"మిమ్మల్ని చూశాను కదా." ఆవిడ ఆ మాట చాలా మామూలుగా అంది. "మీ పక్క చిన్న అద్దంలో. సైకిలు తొక్కేవాళ్ళకి మొదట చెప్పేది అదే కదా, ఆగిన బళ్ళ పక్క నుంచి వెళ్తుంటే నడిపేవాళ్ళ కళ్ళలోకి చూడమని. వాళ్ళు మనల్ని చూశారని తెలిస్తే భయం లేదు, తెలియకపోతే బ్రేకు వెయ్యి. నేను రోజూ అలాగే చేస్తాను. మీ ముందు ఖాళీ కనబడింది, ఎవరైనా తిరుగుతారేమో అని బ్రేకు మీద వేళ్ళు పెట్టాను కూడా. అప్పుడు మీ కళ్ళు కలిశాయి. నన్ను బాగా చూశారు. పైనుంచి కిందిదాకా."

పైనుంచి కిందిదాకా. కాళ్ళదాకా.

"డ్రైవింగు బడి కారు కదా అనుకున్నాను. ఇంకెవరు చూసినా సందేహించేదాన్నేమో, మీరు చూశారు కాబట్టి బ్రేకు మీద నుంచి వేళ్ళు తీసేశాను."

పిల్లి నా ఒళ్ళోకి ఎక్కింది. దిగమని చెప్పలేకపోయాను.

"ఇది పోలీసులకి చెప్పారా మీరు?"

"ఎర్ర కారు గురించే అడిగారు. నాకు మందుల మత్తు. తర్వాత మీరే వెళ్ళి చెప్పారని విన్నాను, ఇక నేను చెప్పడం ఎందుకనుకున్నాను." నా మొహం చూసింది. "మీరు చెప్పారు కదా?"

జూన్ 11, బుధవారం

ముందు స్టేషన్ సంగతి రాసేస్తాను. పదకొండుకి వెళ్ళాను. అదే కానిస్టేబుల్. చూశానని, చూసి కూడా ఊపానని చెప్పాను. కాళ్ళ సంగతి చెప్పాను. మొదటిసారి అబద్ధం చెప్పానని చెప్పాను. మూడు పేజీలయింది. ఈసారి టీ ఇవ్వలేదు. కారు పైన బోర్డు ఇవాళే తీసేయమంది, మిగతాది ఉత్తరంలో వస్తుందట. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ చిరునామాలు పెట్టె నిండా ఉన్నాయి. కాళ్ళు చూడొద్దని ఒక్కొక్కళ్ళకీ ఉత్తరం రాయాలి. రేపటి నుంచి మొదలుపెడతాను, తీరిక బోలెడు.

అంతకుముందు ఎనిమిదిన్నరకి టీనెకె తలుపు కొట్టాను. విమ్‌కి కోటు గుండీలు పెడుతోంది. ఆసుపత్రికి బయలుదేరుతున్నారు. బల్ల మీద పరీక్ష వద్దని రాసిన ఉత్తరం కవరు ఉంది, పైన రవాణా ఆఫీసు పేరు.

"లోపలికి రావద్దు, ఆలస్యమవుతుంది," అంది. "ఏంటి?"

"చూశాను."

"ఏం చూశావు?"

"సైకిల్ని. చెయ్యి ఊపకముందే చూశాను. టైముందనుకుని మిమ్మల్ని రమ్మన్నాను. మీ కళ్ళకేమీ కాలేదు. మీకు అక్కడి నుంచి కనబడదు. నాకు కనబడింది."

విమ్ ఆవిడని ఏదో అడిగాడు, డచ్చిలో. ఆవిడ చివరి గుండీ పెట్టింది. కాలరు సరిచేసింది. ఆయనకి ఒక్క ముక్కలో జవాబు చెప్పింది, ఆయన నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"మొన్న ఈ బల్ల దగ్గరే అడిగాను నిన్ను," అంది టీనెకె.

"అడిగారు."

"వారం రోజులు గుడ్డిదాన్ననుకుని బతికాను. నా ఇంట్లో నేను గోడ పట్టుకుని నడిచాను, తెలుసా నీకు?"

క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ ఇంకో పని చేయాల్సి వచ్చేది.

కవరు తీసుకుని పొయ్యి పక్కనున్న చెత్త డబ్బాలో వేసింది. విమ్‌ని నడిపించుకుంటూ నన్ను దాటి వెళ్ళింది. ఆయన్ని కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, స్టీరింగు ముందు కూర్చుంది. వాకిట్లోంచి వెనక్కి తీసేటప్పుడు మెడ అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. వీధి చివర ఎవరో సైకిలు మీద వస్తున్నారు, చాలా దూరంలో. ఆవిడ బండి ఆపింది. ఆ సైకిలు వచ్చి, వాకిలి దాటి, మలుపు తిరిగేదాకా అలాగే ఉంది.

ఆ తర్వాత కారు కిటికీ అద్దం దించింది.

"పరీక్షకి వెళ్తాను. కుడికి తిరగడం నేనే నేర్చుకుంటాను," అంది. "శుక్రవారం విమ్‌ని కూడా నేనే తీసుకెళ్తాను. నువ్వు రావద్దు."